నాయనకు క్రియాటినిన్ పెరిగిందని బీపీ మాత్ర ఆపేశాం, తప్పు చేశామా?

చీనీతోట, తాడిపత్రి
మే 3, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మా నాయనకు 62 ఏళ్లు. పదేళ్లుగా షుగర్, ఆరేడేళ్లుగా బీపీ ఉన్నాయి. నాలుగు నెలల కింద కాళ్లు వాస్తే అనంతపురంలో చూపించాం. కిడ్నీ సరిగ్గా వడగట్టకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.9, కిడ్నీ వడగట్టే వేగం చెప్పే ఈజీఎఫ్ఆర్ 39 వచ్చాయి. మూత్రంలో ప్రొటీన్ కూడా పోతోందన్నారు. కిడ్నీ జబ్బు మూడో దశలో ఉందని, డయాలసిస్ మాట ఇప్పుడు లేదని, బీపీ మాత్రం గట్టిగా అదుపులో ఉండాలని చెప్పారు. ముందు నుంచి వేసుకునే అమ్లోడిపిన్‌కు తోడు టెల్మిసార్టన్ 40 రాశారు.

మూడు వారాలకు మళ్లీ రక్తం చూపిస్తే క్రియాటినిన్ 2.2 అయింది. ఇంటికొచ్చే దారిలో ఒక మందుల షాపులో రిపోర్టు చూపిస్తే, ఈ మాత్ర కిడ్నీని దెబ్బ తీస్తుంది, ఆపేయండి అన్నారు. భయపడి ఆపేశాం. తర్వాత కాయ కోతల పనిలో పడి డాక్టరు దగ్గరికి పోలేదు. నిన్న మా ఊరి హెల్త్ క్లినిక్‌లో సిస్టర్ చూస్తే బీపీ 172/96 ఉంది.

మాత్ర వేస్తే కిడ్నీ పోతుందా, వేయకపోతే పోతుందా? రెండు రోజులుగా నాకు నిద్ర లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కేసీకాలువ, కర్నూలు
మే 3, రాత్రి 9:48

తమ్ముడూ, ముందు ఒక మాట. మీ నాయనకు విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఆయాసం, ఛాతీలో నొప్పి, మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక్కడ చదువుతూ కూర్చోవద్దు. ఇప్పుడే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకుపో. అవేవీ లేకపోతే రేపు పొద్దున్నే మాత్ర రాసిన డాక్టరు దగ్గరికే పోండి. ఆపేసిన సంగతి దాచకుండా చెప్పండి.

నేను డయాలసిస్ విభాగంలో పదకొండేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. సూదులు పెట్టేటప్పుడు భయం పోవడానికి ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉంటాం కదా, బీపీ ఎన్నేళ్ల నుంచి ఉందని అడిగితే చాలామంది తల దించుకుంటారు. "మాత్రలు ఇచ్చినారమ్మా, ఒళ్లు బాగానే ఉంది కదా అని మానుకున్నాం" అంటారు. నలభై ఏళ్ల మనిషి వారానికి మూడుసార్లు, పోయినప్పుడల్లా నాలుగు గంటలు, మిషన్ పక్కన కదలకుండా పడుకోవడం రోజూ చూస్తున్నాను. మాత్ర ఆపేశామనే మాట వింటే గుండె జల్లుమంటుంది.

ఆ రెండో రిపోర్టులో పొటాషియం ఎంతుందో చూసి చెప్పు. అది మరీ పెరిగితే గుండెకే ప్రమాదం, క్రియాటినిన్ కంటే నాకు ముందు అదే కావాలి.

వేపచెట్టు, కడప
మే 3, రాత్రి 10:31

నేను జనరల్ ఫిజీషియన్‌ని. మీ నాయనగారిని చూడకుండా మందు చెప్పను. కానీ ఆ 2.2 గురించిన భయం తీరాలి కాబట్టి లెక్క చెబుతాను.

టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్, ఎనాలప్రిల్ లాంటివి మొదలుపెట్టాక మొదటి నాలుగు వారాల్లో క్రియాటినిన్ కొంత పెరగడం మేము ఎదురుచూసేదే. పాత అంకె మీద 30 శాతం దాకా పెరిగినా సాధారణంగా మాత్ర ఆపం. 1.9లో 30 శాతం అంటే 0.57, కలిపితే దాదాపు 2.47. మీకు వచ్చింది 2.2, అంటే పెరిగింది 16 శాతమే. మందు పని మొదలుపెట్టిందని కూడా దీన్ని చదువుకోవచ్చు.

ఎందుకు పెరుగుతుందో చెబుతాను. తోట ఉన్నవాళ్లు కాబట్టి మడి, మడవ మీకు నాకంటే బాగా తెలుసు. ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్నని నాళాల కుచ్చులు సుమారు పది లక్షలు ఉంటాయి. ప్రతి కుచ్చుకూ రక్తం వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి. షుగర్ ముదిరి కిడ్నీ దెబ్బ తింటున్నప్పుడు పోయే దారి బిగుసుకుంటుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. కింది మడవ మూసేసి పై నుంచి నీళ్లు వదులుతూ ఉంటే గట్టు ఎన్నాళ్లు ఆగుతుంది? మూత్రంలో ప్రొటీన్ పోతోందంటే గట్టు కారుతున్నట్టే. ఈ మాత్ర ఆ కింది మడవను కాస్త తెరుస్తుంది. లోపలి ఒత్తిడి దిగుతుంది. దాంతో వడగట్టే వేగం కొంచెం తగ్గి క్రియాటినిన్ ఒక మెట్టు పైకి కనబడుతుంది, ఆపైన చాలామందిలో అక్కడే నిలుస్తుంది. ఏళ్ల మీద చూస్తే కిడ్నీ ఎక్కువ కాలం వస్తుంది. షుగర్ వల్ల కిడ్నీ జబ్బు వచ్చినవాళ్లలో లోసార్టన్, ఇర్బెసార్టన్ ఇలా కాపాడతాయని 2001లోనే రెండు పెద్ద పరిశోధనల్లో తేలింది.

30 శాతం దాటితే మాత్రం కారణం వెతకాలి. ఒంట్లో నీళ్లు తక్కువయ్యాయా, నొప్పి మాత్రలు వాడుతున్నారా, కిడ్నీకి పోయే రక్తనాళం సన్నబడిందా అని చూస్తాం. మరో జాగ్రత్త, గర్భిణులకు ఈ జాతి మాత్రలు ఇవ్వకూడదు.

చీనీతోట, తాడిపత్రి
మే 4, ఉదయం 6:15

డాక్టర్ గారూ, మడవ మాట నాయనకు చదివి వినిపించాను. "అట్ల చెప్పింటే నేను ఆపేటోన్ని కాదు కదరా" అన్నాడు.

అక్కా, పొటాషియం 5.4 ఉంది. దాని పక్కన నక్షత్రం గుర్తు ఉంది, మేం పట్టించుకోలేదు. ఇంకో సంగతి. ఉప్పు తగ్గించమన్నారని నేనే తాడిపత్రిలో సోడియం తక్కువ ఉండే ఉప్పు తెచ్చి పెట్టాను. నాలుగు నెలలుగా ఇంట్లో అదే వాడుతున్నాం. ఎండలు కదా అని రోజూ పెద్ద గ్లాసు చీనీ (బత్తాయి) రసం, మధ్యాహ్నం ఒక కొబ్బరి బోండాం కూడా ఇస్తున్నాం.

బురుజునీడ, కర్నూలు
మే 4, ఉదయం 7:02

బాబూ, ఆ ఉప్పు ఇవాళే పక్కన పెట్టండి. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో చదువు, పొటాషియం క్లోరైడ్ అని ఉంటుంది. సోడియం కొంత తీసేసి దాని చోట పొటాషియం కలుపుతారు. కిడ్నీలు బాగున్నవాళ్లకు అది మంచిదే. కిడ్నీ మందగించినవాళ్లకు పొటాషియం బయటికి పోదు, అందులోనూ టెల్మిసార్టన్ వేసుకుంటే ఇంకా నిలుస్తుంది. దాని మీద చీనీ రసం, బోండాం నీళ్లు. అన్నీ ఒకే వైపు లాగుతున్నాయి. నువ్వు మంచికే తెచ్చావు, తప్పు నీది కాదు. కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో ఈ ఉప్పు వద్దని అమ్మే చోట ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. ప్రభుత్వ ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైనవాణ్ని, ఇలాంటివి చూసినప్పుడు బాధగా ఉంటుంది.

ఇంకోటి అడుగుతాను, దాచకుండా చెప్పు. మీ నాయనకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయా? దేనికైనా సూది వేయించుకుంటున్నాడా?

చీనీతోట, తాడిపత్రి
మే 4, ఉదయం 7:20

ఉన్నాయి సార్. కోతలప్పుడు వారానికొకసారి ఊళ్లోనే సూది వేయించుకుంటాడు. రాత్రిళ్లు ఎర్ర మాత్ర ఒకటి. పేరు తెలియదు, ఇవాళ అట్ట ఫొటో తీసుకుపోతాను.

బురుజునీడ, కర్నూలు
మే 4, ఉదయం 7:41

నేను అనుకున్నది అదే. మన సీమలో పొలం పని చేసేవాళ్ల ఇంట్లో ఇది లేకుండా ఉండదు. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు కిడ్నీకి వచ్చే రక్తాన్ని తగ్గిస్తాయి, ఉప్పును, నీటిని ఒంట్లో నిలబెట్టి బీపీని పెంచుతాయి, బీపీ మాత్రల పనిని కూడా చెడగొడతాయి. టెల్మిసార్టన్, మూత్రం ఎక్కువ పోయేలా చేసే నీళ్ల మాత్ర, నొప్పి మాత్ర, ఈ మూడూ ఒకే మనిషి కడుపులో పడితే కిడ్నీ ఒక్కసారిగా చతికిలబడొచ్చు. ఎండాకాలంలో మరీ. మోకాళ్లకు వేడి కాపడం, డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడొచ్చు. ఆ సూది మాత్రం వద్దు.

పాత చీటీలు, మాత్రల అట్టలు అన్నీ ఒక సంచిలో వేసుకుని పోండి. రెండు బ్రాండ్ల పేర్లు వేరుగా ఉంటాయి, లోపల మందు ఒకటే ఉంటుంది. ఒక డాక్టరు రాసిన టెల్మిసార్టన్, మరో డాక్టరు రాసిన రామిప్రిల్ కలిపి వేసుకుంటున్నవాళ్లను నేనే పట్టుకున్నాను. ఆ రెండూ కలపకూడదు.

ఉగ్గాని, ఆదోని
మే 4, ఉదయం 9:10

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా చిన్నాయనకు కూడా క్రియాటినిన్ 2 దాటింది. తెల్ల గలిజేరు, కొండపిండి ఆకు కషాయం తాగితే కిడ్నీ మళ్లీ శుభ్రమవుతుందని మా ఊళ్లో అంటున్నారు. మాత్రలు మాని అది తాగుతున్నాడు. పనిచేస్తుందా?

కేసీకాలువ, కర్నూలు
మే 4, ఉదయం 10:05

కొండపిండి ఆకు రాళ్లకు వాడతారు. రాళ్లు వేరు, మీ చిన్నాయనది వేరు. ఆకుల కషాయంలో పొటాషియం దిగుతుంది, ఆయన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. భస్మాలు కూడా ఇస్తుంటే ఇంకా భయం, కొన్నిటిలో సీసం, పాదరసం ఉంటాయి. అన్నిటికంటే పెద్ద నష్టం ఆయన మాత్రలు మానేయడమే. బీపీ ఎంతుందో ఇవాళే చూపించి, మాత్ర రాసిన డాక్టరుకు ఫోన్ చేయండి. కర్నూలు పెద్దాసుపత్రిలో కిడ్నీ విభాగం ఉంది, ఆదోని నుంచి పొద్దున బస్సెక్కితే ఓపీకి అందుకోవచ్చు.

జమ్మలమడుగు కోడలు
మే 4, మధ్యాహ్నం 2:30

డాక్టర్లు మాత్రల సంగతి చెప్పారు, నేను వంటింటి సంగతి చెబుతాను. మా అత్తకు ఐదేళ్లుగా ఇదే జబ్బు. రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దన్నారు, అంటే సుమారు ఒక టీస్పూను. టీస్పూనుతో కొలిచి వండేదెవరు? నేను ప్యాకెట్‌ను కొలతగా పెట్టుకున్నాను. మేం నలుగురం. కిలో ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీదే తేదీ రాశాను. ఇరవై రోజులకు అయిపోయింది. లెక్కేస్తే మనిషికి రోజుకు పన్నెండున్నర గ్రాములు, ఊరగాయ, అప్పడాలు కాకుండానే. అదే మనిషికి 5 గ్రాములైతే ప్యాకెట్ యాభై రోజులు రావాలి. ఇప్పుడు నలభై ఐదు రోజులు వస్తోంది. ఊరగాయలో, కొన్న తిండిలో ఇంకొంత పోతుంది కాబట్టి ఇంకా తగ్గించాలి.

ఎక్కడ తగ్గించాననేది చెబుతాను. సంగటిలో ఉప్పు పూర్తిగా మానేశాను, పక్కన పప్పు ఉంటుంది కదా, తెలియదు. మజ్జిగలో ఉప్పు బదులు అల్లం, కరివేపాకు దంచి వేస్తాను. ఇది కష్టమైంది, ఎండాకాలం ఉప్పు మజ్జిగ లేకుండా మా అత్త ఉండలేదు. ఊరుబిండి నూరేటప్పుడు ఉప్పు సగం చేసి వెల్లుల్లి, వేయించిన జీలకర్ర ఎక్కువ వేస్తాను. ఊరమిరపకాయలు, వడియాలు, బజారులో కొనే కారం బొరుగులు ఇంట్లోకి రానివ్వను. మామిడికాయ ఊరగాయ పండగనాడు ఒక ముక్క.

మొదటి పది రోజులు అత్త కంచం తోసేసింది. "ఇది తిండేనా" అని ఏడ్చింది, నాకూ ఏడుపొచ్చింది. మూడో వారం పెళ్లికి పోయి వచ్చి, "ఏం పప్పు అది, ఉప్పు కల్లు తిన్నట్టుంది" అంది. నాలుక మారడానికి ఆ మాత్రం రోజులు పడుతుంది.

పొటాషియం ఎక్కువ వచ్చిన నెలల్లో ఆకుకూర, ఆలుగడ్డ, టమోటా చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేస్తాను. తగ్గాక అంత కట్టడి అక్కర్లేదన్నారు. అన్నీ ఎప్పటికీ మాన్పిస్తే ముసలివాళ్లు చిక్కిపోతారు, రిపోర్టు చూసి అడిగి చేయాలి.

పెన్నాఒడ్డు, కడప
మే 4, రాత్రి 8:40

నేను రోగిని. ఎనిమిదేళ్ల కింద ఈజీఎఫ్ఆర్ 44, ఇప్పుడు 37. ఎనిమిదేళ్లలో ఏడు పోయింది, అంతే. నా దగ్గర ఉన్న రహస్యం ఒక పాత రూళ్ల నోట్‌బుక్.

బీపీ ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నాను. క్లినిక్‌లో ఎండలో నడిచి వచ్చి కూర్చోగానే, చొక్కా చెయ్యి పైకి మడిచి, మాట్లాడుతుండగా చూస్తే అది మన బీపీ కాదు. టీ, కాఫీ, బీడీ అయ్యాక అరగంట ఆగాలి. మూత్రానికి పోయి రావాలి. వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ చర్మానికే తగలాలి, చొక్కా మీద కాదు. చెయ్యి లావుగా ఉంటే పెద్ద పట్టీ కొనాలి, చిన్నదైతే లేని బీపీ చూపిస్తుంది. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. పొద్దున మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం. డాక్టరు దగ్గరికి పోయే ముందు ఏడు రోజులు ఇలా రాసి, మొదటి రోజు వదిలేసి మిగతావాటి సగటు చూపిస్తాను. ఆయన ముందు ఆ పేజీ చూస్తాడు, తర్వాతే నన్ను పలకరిస్తాడు.

మాత్ర పొద్దునా రాత్రా అని అడగకండి, మరిచిపోకుండా ఏ వేళకు వేసుకోగలరో ఆ వేళ. రెండూ ఒకటేనని 2022లో బ్రిటన్‌లో ఒక పెద్ద పరిశోధనలో తేలింది.

ఒక ఎండాకాలం నాకు జరిగింది కూడా చెప్పాలి. రెండు రోజులు వాంతులు, విరేచనాలు. అయినా టెల్మిసార్టన్, నీళ్ల మాత్ర వదలకుండా వేసుకున్నాను, మాత్ర మానకూడదనే మాట అంతగా పట్టుకుపోయింది. మూడో రోజు బావి దగ్గర కళ్లు తిరిగి పడ్డాను. క్రియాటినిన్ ఒక్కసారి 3.6. సెలైన్ పెట్టాక దిగింది. అలాంటి రోజుల్లో కొన్ని మాత్రలు ఆపి, తిండి నీళ్లు కుదురుకున్నాక మళ్లీ మొదలుపెట్టాలని అప్పుడు తెలిసింది. ఏవి ఆపాలో మీ డాక్టరును ముందే అడిగి చీటీ మీద రాయించుకోండి.

వేపచెట్టు, కడప
మే 4, రాత్రి 11:05

పెన్నాఒడ్డు గారు చెప్పింది నా ఓపీ గోడకు అంటించాలి. ఆ చీటీలో సాధారణంగా ఉండేవి టెల్మిసార్టన్ జాతి మాత్రలు, నీళ్ల మాత్రలు, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి.

బీపీ ఎంతకు దించాలని ఇద్దరు ప్రైవేటుగా మెసేజ్ పెట్టారు. 2015లో వచ్చిన స్ప్రింట్ అనే అమెరికా పరిశోధనలో పై అంకెను 120 కిందికి దించినవాళ్లలో గుండె జబ్బులు, మరణాలు తగ్గాయి. అందులో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఉన్నారు, షుగర్ ఉన్నవాళ్లను మాత్రం తీసుకోలేదు. దాన్ని ఆధారం చేసుకుని 2021లో అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు 120 కిందికి అన్నాయి, అదీ పైన చెప్పినంత పద్ధతిగా కొలిస్తేనే. చాలామంది డాక్టర్లం 130/80 కిందికి అని పెట్టుకుంటాం. నేను పెద్దవాళ్లను నిలబెట్టి కూడా ఒకసారి చూస్తాను. లేవగానే అంకె పడిపోయి తూలేవాళ్లను 120కి తోయడం నాకు ఇష్టం ఉండదు, తుంటి విరిగితే కిడ్నీ కంటే ముందు మనిషి పోతాడు.

ఇది ఒక్క మాత్రతో అయ్యే పని కాదు. కిడ్నీ జబ్బులో రెండు మూడు రకాలు పడటం మామూలే, జబ్బు ముదిరిందని బెంగ పడొద్దు. అమ్లోడిపిన్‌తో చీలమండలు వాస్తాయి, అది కిడ్నీ వాపో మాత్ర వాపో అడగండి. రామిప్రిల్‌తో పొడి దగ్గు వస్తే టెల్మిసార్టన్‌కు మారుస్తాం. ప్రొటీన్ పోతున్న షుగర్ రోగికి డాపాగ్లిఫ్లోజిన్ కిడ్నీని ఇంకా కాపాడుతుంది, దాంతో కూడా మొదట్లో క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. అప్పుడు మళ్లీ మందుల షాపులో అడిగి ఆపేయకండి.

ఉగ్గాని, ఆదోని
మే 5, ఉదయం 8:00

డాక్టర్ గారూ, బీపీ వల్ల కిడ్నీ పోతుందా, కిడ్నీ పోతే బీపీ వస్తుందా? మా చిన్నాయనకు ముందు ఏది వచ్చిందో మాకు అర్థం కావడం లేదు.

వేపచెట్టు, కడప
మే 5, మధ్యాహ్నం 1:15

రెండూ నిజమే. 1934లో గోల్డ్‌బ్లాట్ అనే అమెరికా శాస్త్రవేత్త కుక్కల కిడ్నీకి పోయే రక్తనాళాన్ని చిన్న బిగింపుతో నొక్కితే వాటి బీపీ పెరిగింది. రక్తం తగ్గిందని కిడ్నీ అనుకుంటే రెనిన్ అనే పదార్థం వదులుతుంది, దాంతో ఒంట్లో నాళాలు బిగుస్తాయి, ఉప్పు నిలుస్తుంది. పెరిగిన బీపీ తిరిగి కిడ్నీనే కొడుతుంది. టెల్మిసార్టన్ ఈ గొలుసునే మధ్యలో తెంపుతుంది. మీ చిన్నాయనకు ఏది ముందో తేలకపోయినా వైద్యం ఆగదు, రేపే పోండి.

చీనీతోట, తాడిపత్రి
మే 29, రాత్రి 8:10

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. మే 4నే అనంతపురం పోయాం. మాత్రల సంచి మొత్తం బల్ల మీద పోశాం. ఎర్ర మాత్ర ఎసిక్లోఫినాకే. మామూలు ఉప్పుకు మారి అదీ తగ్గించమన్నారు, రసం, బోండాం ఆపమన్నారు, సూది మానమన్నారు. వారం తర్వాత పొటాషియం 4.8కి దిగింది. అప్పుడు టెల్మిసార్టన్ మళ్లీ మొదలుపెట్టారు. మొన్న రెండు వారాలకు చూస్తే క్రియాటినిన్ 2.1, పొటాషియం 4.9. డాపాగ్లిఫ్లోజిన్ వచ్చే నెల చూద్దామన్నారు. ఏడు రోజుల సగటు 138/82. ఇంకా దిగాలి, కానీ 172 నుంచి ఇక్కడికి వచ్చాం.

బీపీ మిషన్ కొన్నాను. నాయన పొద్దున ఐదున్నరకే గోడకు ఆనుకుని కుర్చీలో కూర్చుంటాడు, ఐదు నిమిషాలు ఎవరు పలకరించినా చెయ్యి అడ్డం ఊపుతాడు. చూసుకున్న అంకెలు తనే పెన్సిలుతో రాస్తాడు.

మోకాళ్ల నొప్పి మాత్రం తగ్గలేదు. సూది లేకుండా కోతలకు పోలేక, ఈసారి కూలీలను పెట్టాం.

నిన్న పక్క తోట పెద్దనాయన మిషన్ చూసి తనకూ పెట్టమన్నాడు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి రెండుసార్లు చూశాను, 168/100, 164/98. ఆయన ఎప్పుడూ చూపించుకోలేదట. మూత్రంలో నురగ ఆగడం లేదని రెండేళ్లుగా చూస్తున్నాడట, ఎవరికీ చెప్పలేదు. మంగళవారం మాతోపాటే తీసుకుపోతున్నాం. ఆయనకు క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో ప్రొటీన్ పరీక్ష కూడా చేయించాలి కదా, దానికి పొద్దున మొదటి మూత్రమే పట్టుకుపోవాలా?

కేసీకాలువ, కర్నూలు
మే 29, రాత్రి 8:34

పొద్దున మొదటిదైతే మంచిది తమ్ముడూ. ల్యాబులో ఇచ్చే శుభ్రమైన డబ్బాలోనే పట్టించండి, అల్బుమిన్ (మూత్రంలో పోయే ప్రొటీన్), క్రియాటినిన్ నిష్పత్తి చూడమని చీటీలో రాయించండి. ముందు రోజు నుంచి జ్వరం ఉన్నా, మూత్రం మంటగా ఉన్నా చెప్పండి, అప్పుడు అంకె తప్పు చూపిస్తుంది. పెద్దనాయనను ఆ ఎండలో బండి మీద తీసుకుపోవద్దు, ఆరు గంటల బస్సుకే బయల్దేరండి.